వేసవి సెలవుల్లో కాబోయే డాక్టరు చేయదగిన పని
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభలో బైపీసీ పిల్లలు చాలామంది ఉన్నారు. ఏమవుతావని అడిగితే డాక్టరునవుతానంటారు. మాషా అల్లాహ్! నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో సగం జీవశాస్త్రానివే. కానీ భయపడుతున్న రోగితో ఎలా మాట్లాడాలన్నది ఆ పరీక్షలో అడగరు. ఎంబీబీఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు పడుతుంది. తల్లిదండ్రులు అప్పుచేసి కోచింగ్‌కు పంపేముందే, ఈ పని మనకు సరిపడుతుందో లేదో తెలుసుకోవాలి. అందుకు వేసవి సెలవులు మంచి సమయం.

ఏం చేయాలి? ముందుగా ప్రభుత్వ ఆసుపత్రి. తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉంది, బాపట్లలో ఏరియా ఆసుపత్రి ఉంది, రేపల్లెలోనూ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. సంస్థ ఉత్తరంతో సూపరింటెండెంట్‌గారి అనుమతి అడగండి. నాలుగు వారాలు, రోజూ ఉదయం పూట చాలు. ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, ఎక్స్‌రే గది ఎటో, ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్‌లో ఏ కాగితం చూపాలో తెలియక తిరిగేవారికి తోడుండండి. ఇంట్లో ఉర్దూ తప్ప అలవాటులేని దాదీమా తన బాధను డాక్టరుగారికి తెలుగులో చెప్పుకోలేకపోతే, మీరు చెప్పండి. రెండు భాషలూ వచ్చిన మన పిల్లలు చేయగల ఖిద్మత్ ఇది. ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్లండి. స్త్రీల వార్డులో మీ అవసరం ఎక్కువ.

రెండోది క్షయ రోగులకు తోడ్పాటు. సాధారణ క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, నయమైందనుకుని మానేసేవారున్నారు. అప్పుడు జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండానూ పోవచ్చు. ఆశా కార్యకర్తను అడిగి, రోగి ఒప్పుకుంటే, మీ వీధిలో ఒక్కరి బాధ్యత తీసుకోండి. రోజూ మాత్ర వేసుకున్నారా అని పలకరించడమే పని.

సెలవుల్లో సంపాదించక తప్పని పిల్లలూ ఉన్నారు. అందులో నామోషీ లేదు. మెడికల్ షాపులో బిల్లులు రాయవచ్చు, గడువు తేదీలు చూడవచ్చు. ఒకే పారాసిటమాల్ ఎన్ని పేర్లతో అమ్ముతారో అక్కడ తెలుస్తుంది. అయితే చీటీ చూసి మందులివ్వడం రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పని. అది మీరు చేయకండి. ఎవరు నేర్పుతామన్నా ఇంజెక్షన్ చేయకండి. రోగి సంగతులు అమానత్. బయట చెప్పకూడదు, ఫోటో తీయకూడదు.

మదీనాలో రుఫైదా (రజి.) గాయపడినవారికి గుడారంలో సేవ చేశారని మన చరిత్ర చెబుతుంది. రోగి దగ్గర కూర్చోవడం తక్కువ పని కాదని తెలియడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

నెల తిరిగేసరికి కొందరికి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. కొన్నాళ్లకు కొందరికి అది అలవాటవుతుంది, కొందరికి కాదు. కాకపోతే అది ఓటమి కాదు. ఫార్మసీ ఉంది, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఉంది, వ్యవసాయ శాస్త్రం చదవాలంటే బాపట్లలోనే వ్యవసాయ కళాశాల ఉంది. తల్లిదండ్రులారా, పిల్లవాడు ఆ మాట చెబితే కోప్పడకుండా వినండి.

సంస్థ పెద్దలకు ఒక మనవి. కూలికి వెళ్లే ఇంటి బిడ్డ నాలుగు వారాల సంపాదన వదులుకుని ఆసుపత్రిలో సేవ చేయలేడు. పుస్తకాలకు సాయం చేస్తున్నట్టే, ఇలాంటి పిల్లలకు చార్జీలు, భోజనం, కొంత భత్యం మన నిధి నుంచి ఇద్దాం. లేకపోతే ఈ అవకాశం ఉన్నవారి పిల్లలకే దక్కుతుంది.

అల్లాహ్ మన పిల్లల చదువులో బర్కత్‌ను, చేతుల్లో షిఫాను ప్రసాదించుగాక. ఆమీన్.