కీమో తరువాత రక్తపు లెక్క



గూడూరు, సూళ్లూరుపేట, తడ వైపు నుంచి రొమ్ము క్యాన్సర్ వైద్యానికి చెన్నై వచ్చే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. మా రాయపురం పక్కనే స్టాన్లీ ఆసుపత్రి. అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి చొరవతో 1954లో మొదలైన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కీమో ఎక్కించుకుని వెంటనే రైలెక్కి ఇల్లు చేరతారు. జాగ్రత్త పడవలసిన రోజులు మాత్రం ఇల్లు చేరిన వారానికి మొదలవుతాయి. నేను డాక్టరును కాను, బడిలో పాఠాలు చెప్పేదాన్ని. రెండు భాషలూ వచ్చు గనుక రిపోర్టులు చదివిపెట్టమని నా దగ్గరికి వస్తుంటారు.

రక్తకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. కీమో మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, మూలుగలోవీ అలాంటివే. మందుకు తన పర భేదం తెలియదు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి ఊరి కావలివాళ్లు. వాటి ఆయుస్సు చాలా తక్కువ, అందుకే ముందు తగ్గేవి అవే. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది గనుక హిమోగ్లోబిన్ మెల్లగా, కొన్ని విడతల మీద తగ్గుతుంది.

మూడు వారాలకొకసారి ఇచ్చే మందులతో సాధారణంగా 7వ రోజుకూ 14వ రోజుకూ మధ్య తెల్లకణాలు అడుగుకు చేరతాయి. తరువాత మళ్లీ పుంజుకుంటాయి. పుంజుకోకపోతే డాక్టరు తరువాతి విడతను వాయిదా వేస్తారు, లేదా కణాలు పెరగడానికి ఇంజెక్షను ఇస్తారు. దానితో ఎముకలు నొప్పి పుట్టవచ్చు. లెక్క తగ్గిందంటే రోగం ముదిరిందని ఇంట్లో ఏడుపులు మొదలుపెడతారు. ఇది మందు చేసిన పని, రోగం చేసింది కాదు.

రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 30 శాతం అని ఉందనుకోండి. 2,400లో 30 శాతం అంటే 720. చూడవలసిన అంకె అది. 1,500 పైన ఉంటే నిబ్బరం. 500 కంటే తగ్గితే ప్రమాదం.

ఆ రోజుల్లో ఒంట్లో సూక్ష్మజీవి చేరినా చీము పట్టకపోవచ్చు, వాపు కనిపించకపోవచ్చు. జ్వరం ఒక్కటే గుర్తు కావచ్చు. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటినా, చలితో వణుకు పుట్టినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ మింగి పొద్దున చూద్దాంలే అని పడుకోకండి. జ్వరం దాగుతుంది, లోపలి వ్యాధి ఆగదు. చెన్నై రైలు కోసం కాచుకోకుండా దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లి, కీమో చీటీ చూపించి, ఎన్నో రోజో ముందే చెప్పండి.

ఇక్కడ నర్సులు తమిళంలో చెబుతారు. వాళ్లు రక్తకణాన్ని 'అణు' అంటారు. 'వెళ్ళై అణు కమ్మి' అంటే తెల్లకణాలు తక్కువని, అణుబాంబు మాట కాదు. 'కాయ్చల్ వందా ఉడనే వాంగ' అంటే జ్వరమొస్తే వెంటనే రండి అని. అర్థం కాకపోయినా తలూపి వచ్చేయడం మన వాళ్ల అలవాటు. మొహమాటపడక మళ్లీ అడగండి.

బొప్పాయి ఆకు రసం, బీట్‌రూట్ తెల్లకణాలను పెంచుతాయని ఆగిపోకండి. వేడివేడిగా వండిన అన్నం, పప్పు, బాగా ఉడికిన గుడ్డు పెట్టండి. పలకరించ వచ్చే చుట్టాల్లో జలుబున్నవాళ్లను గుమ్మం బయటే ఉండమనండి, కోపమొస్తే రానివ్వండి. చిగుళ్ల నుంచి రక్తం కారినా, ఒంటి మీద ఎర్రటి చుక్కలు లేచినా ప్లేట్‌లెట్లు తగ్గాయేమోనని డాక్టరుకు చెప్పాలి.

కీమో ఎక్కించిన తేదీని క్యాలెండరులో చుట్టి, 7వ రోజు నుంచి 14వ రోజు దాకా గీత గీసి పెట్టండి. థర్మామీటరు ఆ పక్కనే మేకుకు తగిలించండి.