మానేశాక వచ్చిన ఎక్కువ జీతం



ఒకప్పుడు మన తిరుత్తణి, పళ్లిపట్టు పక్క పిల్లవాడికి పని అంటే మగ్గమే. ఇప్పుడు తెల్లారకముందే కంపెనీ బస్సెక్కి శ్రీపెరుంబుదూరు, ఒరగడం పోతున్నారు. మగ్గం లెక్క మనకు తెలుసు. ఇచ్చిన నూలు తూకం, తెచ్చిన చీర తూకం, పట్టుకున్న అడ్వాన్సు, అన్నీ పుస్తకంలో కళ్లెదుటే ఉంటాయి. కంపెనీ లెక్క కంప్యూటరులో ఉంటుంది. అందుకే మానేశాక "మీకు జీతం ఎక్కువ పడింది, తిరిగి కట్టండి" అని కాగితం వస్తే ఇల్లంతా భయపడిపోతుంది.

మా వీధిలో ఒక పిల్లవాడి సంగతి చెప్తాను. నెలకు 15,000 జీతం. పదో తేదీతో మానేశాడు. కంపెనీవాళ్లు పేరు తీయకుండా నెల జీతం మొత్తం వేసేశారు. ఇరవై రోజులది 10,000 ఎక్కువ. రెండు నెలలకు ఆ 10,000 ఒకేసారి కట్టమని ఉత్తరం. వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టడానికి బయలుదేరింది. "ఆగమ్మా, ముందు జీతం చీటీ తీసుకురా" అన్నాను.

చీటీలో చూస్తే ఆ 10,000కి పీఎఫ్ 1,200, ఈఎస్ఐ 75 పట్టుకున్నారు. చేతికి వచ్చింది 8,725. చేతికి రాని డబ్బు వాడెట్లా కడతాడు? అది కంపెనీ ఆ ఆఫీసులతో సరిచేసుకోవాలి. ఇంకా వాడుకోని సెలవులు ఆరు రోజులవి 3,000 వాడికే రావాలి. అది పోతే మిగిలేది 5,725. లెక్క రాసి పంపాము, ఒప్పుకున్నారు. మూడు కంతుల్లో కట్టాడు, బాకీ లేదని కాగితం రాయించుకున్నాడు. కమ్మలు చెవులకే ఉన్నాయి.

"కట్టనక్కర్లేదు, సుప్రీంకోర్టే చెప్పింది" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అది 2014లో రఫీక్ మసీహ్ కేసు, ప్రభుత్వ ఉద్యోగులది. చిన్న ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఐదేళ్లకు మించి ఎక్కువ తీసుకుంటూ వచ్చినవాళ్లు, ఇలాంటివాళ్ల దగ్గర వసూలు చేయకూడదన్నారు. కంపెనీ పిల్లలు దాన్ని నమ్ముకుని కూర్చోకండి. ఎక్కువ ఇచ్చినది జీతంలో పట్టుకోవచ్చని వేతనాల కోడ్‌లోనే ఉంది. అయితే కోతలన్నీ కలిపి ఆ జీతంలో సగం దాటకూడదు. పీఎఫ్ డబ్బు జోలికి మాత్రం రాకూడదు. చట్టం ప్రకారం ఆ డబ్బును ఏ బాకీకీ జప్తు చేయడానికి లేదు.

ఫోన్ నంబరు మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అడ్వాన్సు తీర్చకుండా ఇంకో మగ్గానికి పోతే కొత్త యజమాని ఏమడుగుతాడో మనకు తెలియదా? కొత్త కంపెనీ కూడా పాత కంపెనీకి ఫోన్ చేసి అడుగుతుంది.

ఉత్తరం వస్తే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. చివరి మూడు నెలల జీతం చీటీలు, బ్యాంకు పుస్తకం, రాజీనామా కాగితం తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. సాయంత్రం పూట నేను ఉంటాను, కూర్చుని లెక్క చూద్దాం.