అడవికి కావలి ఎవరు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పుస్తకముల పండుగనాడు అడవి మాట యెందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. సీతంపేట కొండల చరిత్ర తెలిసినవారికి ఆ సందేహముండదు. ఈ కొండలలో అడవి పోయినప్పుడెల్ల గొడ్డలికంటె ముందు ఒక కాగితము వచ్చినది. అడవి నిలిచినప్పుడును దానివెనుక ఒక కాగితమున్నది. ఆ కాగితమును ఎవరు వ్రాసిరి, ఎవరు చదివిరి, చదువలేనివారి గతి యేమైనది అనునదియే నేటి ప్రసంగ విషయము.

సీతంపేట కొండలకు ఒక వైపున నాగావళి, వేరొక వైపున వంశధార ప్రవహించుచున్నవి. కొండలమీద సవరలు, జాతాపులు నివసింతురు. క్రింద పాలకొండ ప్రాంతమున వరి పండించు రైతులుందురు. 2022 ఏప్రిల్ 4వ తేదీన సీతంపేట మండలము శ్రీకాకుళము జిల్లానుండి విడివడి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. జిల్లా మారినను గెడ్డల దారి మారలేదు. కొండమీది గెడ్డలు నేటికిని క్రింది చెరువులకే నీరు తెచ్చుచున్నవి. కావున అడవి సంగతి కొండవారి సొంత వ్యవహారమని పల్లపువారు ఊరకుండుటకు వీలులేదు.

పాత అడవికిని, క్రొత్తగా నాటిన తోటకును గల భేదమును ముందుగా గ్రహింపవలెను. అనేక తరములు నరకబడని అడవియందు ఆకు రాలి, కుళ్లి, నేలమీద మెత్తని పొరయై యుండును. వాన చినుకు ముందు కొమ్మమీద, పిదప పొదమీద, ఆ తరువాత ఆ పొరమీద పడి మెల్లగా ఇంకును. అట్లింకిన నీరే మాఘ ఫాల్గుణములందు ఊటయై గెడ్డలో పారును. చెట్లు పోయిన కొండమీద ఆ వానయే ఒక్క పూటలో మన్నును కోసికొనివచ్చి చెరువులో మేటవేయును. ఒకే జాతి మొక్కలను వరుసలుగా నాటి దానిని అడవియని పిలిచినంతమాత్రమున ఆ పొర తిరిగి రాదు. చింత, ఇప్ప, నేరేడు, మద్ది, కుంకుడు, అడ్డతీగ కలిసి పెరిగినచోటనే మనుష్యునకును, జంతువునకును ఏడాది పొడుగునను ఏదో యొక ఆహారము దొరకును.

ఈ విషయము కొండవారికి పుస్తకములు చెప్పలేదు. సవరలు కొండవాలున రాతికట్టలు పేర్చి, మెట్లుమెట్లుగా మడులు దిద్ది, గెడ్డనీటిని ఒక మడినుండి వేరొక మడికి దింపి వరి పండింతురు. ఆ కట్టలలో సున్నము లేదు, సిమెంటు లేదు. మన్యమునందు మామిడి కొత్త, కంది కొత్త మున్నగు పండుగలు కలవు. పండుగ జరుగకముందు క్రొత్త పంటను నోట పెట్టరాదు. ఇది దేవతపట్ల భక్తియే గాక కాయ ముదురకముందే కోయరాదను కట్టడియు. ఒక్క ఇల్లు తొందరపడినచో ఊరంతయు నష్టపోవునని వారెరుగుదురు.

పోడును గూర్చియు నిష్పక్షపాతముగా చెప్పవలెను. పోడు అడవికి హానియే చేయదనుట సత్యము కాదు. అడవి నాశనమంతయు పోడువలననే జరిగెననుట అంతకంటె అసత్యము. జనము తక్కువై కొండలు విశాలముగా నున్న దినములలో ఒకచోట నరికి కాల్చి పండించిన పిమ్మట ఆ నేలను అనేక సంవత్సరములు విడిచిపెట్టెడివారు. అడవి మరల మొలిచెడిది. కొండలు రిజర్వు అడవులై, మంచి పల్లపు భూములు వడ్డీవ్యాపారుల వశమై, జనము పెరిగిన తరువాత విడిచిపెట్టు కాలము తగ్గిపోయినది. నేల అలసినది. ఆ నేరమును గిరిజనుని తలమీద మోపినవారు, రైలుపట్టాల క్రింది దుంగలకును, కలప వ్యాపారమునకును తూర్పుకనుమలలో పడిన మహావృక్షముల లెక్కను మాత్రము చెప్పలేదు.

ఇక చరిత్ర. 1839లో చేసిన చట్టముతో గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండప్రాంతములు ప్రత్యేక పాలనలోనికి వచ్చినవి. 1879లో రంపదేశమున చిగురుపన్ను కారణముగా తిరుగుబాటు చెలరేగెను. కల్లుగీతమీద పన్నేమిటని కొండరెడ్లు అడిగిరి. చెట్టు తమదనియే వారి యుద్దేశము. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చెను. నాటితో తాతలు తిరిగిన అడవిలో కట్టెపుల్ల తెచ్చుకొనుటయు, పశువును మేపుటయు అనుమతి కోరవలసిన పనులైనవి. అల్లూరి సీతారామరాజు నాయకత్వమున 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై జరిగిన దాడులకు వెనుక పోడు నిషేధమును, బాటల పనిలో కూలి సరిగా చెల్లింపని వెట్టియు కలవు. 1924 మే 7న ఆయన మరణించెను. అడవి హక్కు, కూలి హక్కు నాటినుండియు కవల పిల్లలవలెనే నడచుచున్నవి.

స్వాతంత్ర్యానంతరము శ్రీకాకుళపు మన్యమున గిరిజన సంఘము బయలుదేరినది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము అను ఉపాధ్యాయులు దానికి నాయకులైరి. పాలేరు కూలి పెంపు, వెట్టి నిర్మూలన, అప్పు క్రింద పోయిన భూముల స్వాధీనము, అటవీ సిబ్బంది మామూళ్ల నిరాకరణము ఆ సంఘపు మొదటి కోరికలు. 1967 అక్టోబరు 31న సభకు వెళ్లుచున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల పక్షమువారు జరిపిన కాల్పులలో కోరన్న, మంగన్న అనువారు మరణించిరి. నిందితులు న్యాయస్థానమునుండి నిర్దోషులుగా బయటికి వచ్చిరి. ఆ పిదప ఉద్యమము సాయుధమార్గము పట్టెను. 1970 జులైలో సత్యము, కైలాసము పోలీసు కాల్పులలో మరణించిరి. ఇరువైపులను రక్తము ప్రవహించెను. అందులో ఎక్కువ భాగము కొండవారి బీద గుడిసెలదే.

షెడ్యూల్డు ప్రాంతముల భూబదలాయింపు నిబంధన 1959లోనే వచ్చినది. కాని దానికి కోరలు వచ్చినది 1970 సవరణతో. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతనున్న భూమి, వేరుగా నిరూపింపబడునంతవరకు, గిరిజనునినుండి వచ్చినదేయని ఆ సవరణ భావించినది. గిరిజనేతరుడు వేరొక గిరిజనేతరునకు సయితము అమ్మరాదనినది. ఈ రక్షణ ఊరక లభింపలేదు. శాంతముగా అడిగినప్పుడు వినియుండినచో ఎన్ని ప్రాణములు నిలిచెడివో సభవారే యోచింపవలెను.

అదే చట్టము ఒక తరము గడచిన తరువాత అడవికి కంచెయైనది. అరకులోయకు చెంతనున్న అనంతగిరి మండలమున, బొర్రా గుహల పరిసర గ్రామములలో, ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇయ్యబడినవి. ఆ గ్రామముల ప్రజలతో పనిచేయు సమత యను స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానమున కెక్కెను. హైకోర్టులో గెలుపు దొరకలేదు. సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పు చెప్పుచు, నిబంధనలోని ‘వ్యక్తి’ అను మాటలో ప్రభుత్వమును చేరునని నిర్ణయించెను. కాబట్టి షెడ్యూల్డు ప్రాంతమున ప్రభుత్వ భూమిని సయితము గిరిజనేతర ప్రైవేటు సంస్థకు లీజుకు ఇయ్యరాదు. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరిది ఈ అభిప్రాయము. ఒక్క మాటకు చెప్పిన అర్థము కొండలను కొండలుగా నిలిపినది.

ఐనను గెలుపు ఒక్కసారితో తీరునది కాదు. 2015 నవంబరులో చింతపల్లి ప్రాంతమున 1,212 హెక్టార్ల అడవిని బాక్సైటు తవ్వకమునకై రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థకు అప్పగించుచు 97వ సంఖ్యగల ఉత్తర్వు వెలువడెను. మన్యమంతయు లేచినది. గ్రామగ్రామమున సభలు జరిగినవి. ఉత్తర్వు మొదట నిలుపబడి, 2019లో రద్దయ్యెను. సరిహద్దుకు ఆవల ఒడిశాలోని నియంగిరి కొండమీద డోంగ్రియా కోందులును ఇట్టి పరీక్షకే గురియైరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును గ్రామసభలకు విడిచిపెట్టగా, పన్నెండు గ్రామసభలును గని వలదని తీర్మానించినవి. అంతకు పూర్వము 1974లో హిమాలయములందలి రేణి గ్రామ స్త్రీలు చెట్లను కౌగిలించి కాపాడిన వార్త ప్రపంచమంతయు వినినది. మన్యపు గ్రామసభలు చెట్టును కౌగిలించుటకు బదులు తీర్మానపు పుస్తకమును గట్టిగా పట్టుకొనినవి. రెండును ధైర్యమే.

నేటి స్థితియందు ముఖ్యమైన ఆయుధము 2006 నాటి అటవీ హక్కుల చట్టము. దాని నియమములు 2008 జనవరి 1న అమలులోనికి వచ్చినవి. 2005 డిసెంబరు 13 నాటికి అడవినేలను సాగుచేయుచున్న గిరిజన కుటుంబము నాలుగు హెక్టార్లకు మించకుండ హక్కు కోరవచ్చును. పత్రము భార్యాభర్తలిద్దరి పేరనుండవలెను. ఆ భూమి వారసులకు చెందును గాని అమ్ముటకు వీలులేదు. దరఖాస్తును మొట్టమొదట విచారించునది గ్రామసభ. 2012 సవరణ ప్రకారము ఆ సభకు సభ్యులలో సగమునకు తగ్గకుండ రావలెను. వచ్చినవారిలో మూడవవంతు స్త్రీలుండవలెను. ఊరి పెద్ద చెప్పిన మాట వ్రాసికొనినచో అదియు సాక్ష్యమే. పాత బావి, శ్మశానము, దేవతాస్థలము కూడ సాక్ష్యములే. తిరస్కరించినచో కారణము వ్రాతమూలముగా తెలుపవలెను. అరువది దినములలో అప్పీలు చేసికొనవచ్చును.

ఇవన్నియు ఒక ఎత్తు. అదే చట్టములో వేరొక హక్కు కలదు. ఊరంతయు కలిసి తమ పారంపర్యపు అడవిని కాపాడుకొనుటకును, అందలి చింతపండు, కుంకుడుకాయ, అడ్డాకు, కొండచీపురు మున్నగు ఫలసాయముపై యాజమాన్యము కోరుటకును అది వీలు కల్పించును. పట్టా కొరకు తిరిగిన కాళ్లు ఈ సామూహిక హక్కు కొరకు అంతగా తిరుగలేదు. ఇది శోచనీయము. పట్టా ఒక కుటుంబమునకు గింజ నిచ్చును. సామూహిక హక్కు గెడ్డకు నీరిచ్చును. అంతేకాదు, కొండపై పోడునేలలు పెక్కు జీడితోటలైనవి. జీడిపిక్కకు ధర పలికిన యేడు చేతిలో రూకలాడును. ధర పడిపోయిన యేడు చోడి, సామ, కంది కొని తినవలసి వచ్చును. ఏనుగుల దారులును చెదరినవి. 2007లోను, మరల 2018లోను ఒడిశానుండి ఏనుగుల గుంపులు ఈ ప్రాంతమునకు దిగివచ్చి పంటలను త్రొక్కినవి. మనుష్యులును మరణించిరి, ఏనుగులును మరణించినవి. అడవి ముక్కలైనప్పుడు ఆ నష్టము కొండవానికిని పల్లపువానికిని సమానముగానే పంచబడును.

ఇక గ్రంథాలయపు ప్రసక్తి. తెలుగు వ్యావహారిక భాషోద్యమమునకు మూలపురుషుడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863లో ముఖలింగ సమీపమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా సవరలతో చెలిమిచేసి వారి భాష నేర్చి, దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి. సవర బాలురకు సవరభాషలోనే చదువు చెప్పించిరి. చదువురాని వానికి వాని మాటలోనే అక్షరము చూపవలెనని ఆయన పట్టుదల. 1936లో మంగై గొమాంగో సవరభాషకు ఒక లిపియే కల్పించెను. ఆ దారి మధ్యలో ఆగినది. హక్కుపత్రములు, తిరస్కరణ ఉత్తరువులు, సర్వే పటములు నేటికిని కార్యాలయ భాషలోనే కొండనెక్కుచున్నవి. అరువది దినముల గడువు ఉత్తరువు చదివి చెప్పువాడు దొరకులోపలనే గడచిపోవుట ఊహింపరాని విషయము కాదు.

కావున ఇరువదియైదేండ్లు నడచిన గ్రంథాలయము చేయదగిన పని యొకటి కన్నులయెదుట నున్నది. అటవీ హక్కుల చట్టమును, దాని నియమములను, భూబదలాయింపు నిబంధనను, సమత తీర్పు సారాంశమును తెలుగులో ఒక బీరువాయందు అందరి చేతికి అందునట్లుంచవలెను. గ్రామసభ తీర్మానముల నకళ్లను తేదీలవారీగా భద్రపరుపవలెను. వారమునకొకసారి సంతనాడు, కొండదిగి వచ్చినవారు తెచ్చిన కాగితమును వారి భాషలో చదివి వినిపించుటకు సవరభాష వచ్చిన యువకుడో యువతియో బల్ల యొద్ద కూర్చుండవలెను. ఊరి సరిహద్దులు, పాత చెట్ల పేర్లు, గెడ్డల పుట్టుకచోట్లు, మెట్లమడుల కట్టలు ఎవరెవరు కట్టిరో వృద్ధులు చెప్పగా వ్రాసి ఉంచవలెను. చట్టము దృష్టిలో అది సాక్ష్యము. పిల్లల దృష్టిలో అది చరిత్ర. వృద్ధులు ఒక్కొక్కరే వెళ్లిపోవుచున్నారు గనుక ఈ పనికి వాయిదా పనికిరాదు.

అడవికి కావలి ఎవరు అను ప్రశ్నకు అటవీశాఖ యని కొందరు, గిరిజనులని కొందరు, న్యాయస్థానమని కొందరు చెప్పుదురు. గడచిన నూరేండ్లలో అడవి నిలిచిన ప్రతిచోటను కావలి ఒక్కరు కారు. కొండవాడు చెట్టును ఎరిగియుండెను. చదివినవాడు చట్టమును ఎరిగియుండెను. ఇద్దరును ఒక చాపమీద కూర్చుండిరి. ఆ చాప పరచుటకు ఈ గ్రంథాలయపు వసారా చాలును. వచ్చు సంతనాటికే అది ఆరంభమగుగాక యని సభవారి ఆశీస్సులు కోరబడుచున్నవి.