పరదేశం చదువుకు మన పిల్లలు పోయేదెట్ల?
(కల్వకుర్తి సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



1913లో బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికా పోయిండు. బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లు స్కాలర్‌షిప్ ఇచ్చిండు. కొలంబియా యూనివర్సిటీల చదివి, 1916లో అక్కడనే కులం పుట్టుక మీద వ్యాసం చదివిండు. ఆ ఆసరా లేకుంటే ఆయన కొలంబియా గడప తొక్కేదెట్ల?

ఇయ్యాల మన రాష్ట్రంల ఎస్సీ పిల్లలకు అంబేద్కర్ పేరనే విదేశీ విద్యానిధి ఉన్నది. 20 లక్షల దాక ఇస్తరు. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటొద్దు. డిగ్రీలో 60 శాతం మార్కులుండాలె.

మెలిక ఎక్కడున్నదో వినుండ్రి. మొదటి విడత పైసలు అక్కడ దిగినట్టు కాగితం చూపినంకనే వస్తయి. రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపినంక. వీసా ఇచ్చేటోళ్లేమో పోకముందే బ్యాంకుల పైసలు చూపమంటరు. జీఆర్‌ఈ, ఇంగ్లీషు పరీక్ష, అప్లికేషన్ల ఫీజులు అన్నీ ముందే కట్టాలె. భూమున్నోడు కుదువ పెట్టి కడ్తడు. కూలికి పోయే తల్లి ఏం కుదువ పెట్టాలె? విస్తరేసి బువ్వ పెట్టనట్టున్నది కత!

అందుకే రెండు మాటలు అడుగుదాం. మొదటి విడత పోకముందే ఇయ్యాలె. ఎంపికైన పిల్లలకు జామీను లేకుండ బ్యాంకు అప్పియ్యాలె.

మన దిక్కు పని గూడ ఉన్నది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు డిగ్రీ ఆఖరు ఏడాదిలనే తీయించుండ్రి. ఆడపిల్లనైతే పెండ్లి పేరు జెప్పి ఆపకుండ్రి. ఏ వాడల ఏ పిల్ల డిగ్రీ చదువుతున్నదో కార్యకర్తలు పేర్లు రాసి పెట్టుకోవాలె. దళారి చేతుల పైసా పెట్టొద్దు.

జై భీమ్!