బ్లేజార్ల మిణుకు

నక్షత్రములు మిణుకుమనుట మన వాయుమండలపు కదలిక వలన. కాని కోట్లకొలది కాంతి సంవత్సరముల దూరమున, తమంతట తామే హెచ్చుచు తగ్గుచు వెలుగు జ్యోతులు కొన్ని గలవు. వానికి బ్లేజార్లని పేరు.

1929లో జర్మన్ ఖగోళజ్ఞుడు కూనో హోఫ్‌మైస్టర్ కనుగొనిన బీ.ఎల్. లాసెర్టే, వెలుగు మారు నక్షత్రముల పట్టికలో చేరినది. 1968లో దానికి ఒక రేడియో జనకముతో పొత్తు కుదిరిన పిమ్మట, అది నక్షత్రము కాదనియు, దూరపు గెలాక్సీ నడిబొడ్డనియు క్రమముగా తేలినది. బ్లేజార్లలో సూర్యునికంటె కోట్లరెట్లు బరువైన కృష్ణబిలముండును. దాని చెంతనుండి ఒక ద్రవ్యధార, కాంతివేగమునకు మిక్కిలి చేరువైన వేగముతో, ఇంచుమించు మనవైపే దూసుకొని వచ్చుచుండును.

ఈ ధారలో ఎక్స్ కిరణములెట్లు పుట్టును? అయస్కాంత క్షేత్రమున సుడులు తిరుగు ఎలక్ట్రాన్లు సింక్రోట్రాన్ వికిరణమును వెలువరించును. మార్కేరియన్ 421, 501 వంటి బ్లేజార్ల ఎక్స్ కిరణములిట్టివే. అధికశక్తి గల ఎలక్ట్రాన్లే ముందుగా తమ శక్తిని కోల్పోవును. కనుకనే అచ్చటి ఎక్స్ కిరణములు గంటలలోనే మారిపోవును. 2022లో ఐ.ఎక్స్.పీ.ఇ. ఉపగ్రహము మార్కేరియన్ 501ను పరిశీలింపగా, ఎక్స్ కిరణముల ధ్రువణము సుమారు నూటికి 10 పాళ్లు కనబడినది; కంటికగపడు కాంతి ధ్రువణము అంతకు తక్కువ. ధారలోని ఆఘాత తరంగమువద్ద ఎలక్ట్రాన్లు శక్తిని పొంది, దూరమైనకొలది దానిని కోల్పోవుననుటకిది బలమైన సాక్ష్యము.

మిణుకు వడి మరొక విషయమును తెలుపును. వెలుగు ఎంత కాలములో మారునో, ఆ కాలమున కాంతి పయనించు దూరముకంటె వెలుగు పుట్టు చోటు పెద్దది కాజాలదు. 2006 జూలైలో నమీబియాలోని హెస్ దూరదర్శినులు, పీ.కే.ఎస్. 2155-304 అను బ్లేజార్ గామా కిరణములు సుమారు 200 సెకండ్లలో రెట్టింపగుట చూచినవి. ఆ వ్యవధిలో కాంతి సాగునది 6 కోట్ల కిలోమీటర్లు. సూర్యునికి బుధునికి నడుమ గల దూరమంత. నూరు కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలపు వ్యాసార్ధమో, 300 కోట్ల కిలోమీటర్లు!

ధార తన కాంతిని వెన్నంటియే మనవైపు వచ్చుటచే, అచ్చటి దీర్ఘకాలము మనకు స్వల్పముగ తోచును. కొంత చిక్కు దానితో తీరును. కాని 200 సెకండ్లకు సమాధానము చెప్పుటకు, ఇట్టి ధారలలో సాధారణముగ కొలువబడిన వేగములు చాలవు. ధారలోనే చిన్న ధారలున్నవా? అయస్కాంత రేఖలు తెగి, మరల కలియుచు శక్తిని విడుచుచున్నవా? ఈ ఊహలు ఇంకను విచారణలో నున్నవి.

వీనిని తేల్చుటకు ఒకే వేళ పలు కిరణములలో చూడవలెను. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటనుండి ఎగసిన ఆస్ట్రోశాట్, అతినీలలోహిత కాంతిని, ఎక్స్ కిరణములను ఏకకాలమున చూచుటకే నిర్మింపబడినది. మార్కేరియన్ 421ను అది పరిశీలించినది. ఏ కిరణము ముందు హెచ్చినది, ఏది వెనుక తగ్గినది అను లెక్కలోనే, ఎలక్ట్రాన్లకు ఆ శక్తి యెక్కడ లభించినదను ప్రశ్నకు జవాబు వెదకవలసియున్నది.