సూక్ష్మదర్శిని ముందు సహనం

వరంగల్లులో 1959లో కాకతీయ వైద్య కళాశాల నెలకొన్నది. అటువంటి కళాశాలలో ప్రయోగశాలకు వచ్చిన విద్యార్థి మొదట నేర్వవలసిన పాఠమొకటున్నది: “కనిపించలేదు” అనడం వేరు, “లేదు” అనడం వేరు.

బోదకాలు సంగతి చూడండి. దానికి కారణమైన ఉకరేరియా క్రిమిపిల్లలు పగటివేళ ఊపిరితిత్తుల సన్నని నాళాలలో దాగి, రాత్రి పది మొదలు రెండు గంటల మధ్య వెలుపలి రక్తంలోకి అధికంగా వస్తవి. పగలు తీసిన రక్తపుచుక్కను ఎంత శ్రద్ధగా చూసినా అవి కనిపించకపోవచ్చును. “నీకేమీ లేదు” అన్న మాట విని సంతోషంతో ఇల్లు చేరిన మనిషి నుండి దోమకూ, దోమ నుండి ఇరుగుపొరుగుకూ వ్యాధి సాగుతూనే వుంటుంది.

మలేరియాకు రెండు పూతలు కావలె. మందపు పూతలో రక్తమెక్కువ గనుక పరాన్నజీవి ఉనికి తెలుస్తుంది. పలుచని పూతలో దాని జాతి తేలుతుంది. వైవాక్స్ అయితే కాలేయంలో నిద్రించే రూపాలకు కూడా మందు ఈయవలె. ఫాల్సిపేరమ్ అయితే జాగు ప్రాణాంతకం. 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఈ జీవిని కనుగొన్నది కూడా అనేక దోమలను వృథాగా కోసి చూసిన పిమ్మటనే.

నేడు ఏ వేళనైనా చేయదగిన పరీక్షాపట్టీలు వచ్చినవి. అయినా బోదక్రిమి పిల్లలు రక్తంలో తిరుగుతున్నవో లేదో కంటికి చూపేది రాత్రి రక్తమే.

కనుక శ్రోతలకు ఒక మనవి. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ తలుపు తట్టి వేలికొన రక్తపుచుక్క అడిగితే, నిద్ర చెడిందని విసుగుకొనకండి. వారు వేళ తెలిసే వచ్చినారు.