బియ్యానికి వందనం, కూలికి లెక్క

(2021 ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాడు మన సంఘం యువతతో ఆన్‌లైన్‌లో కలిసినప్పుడు చదివిన ప్రసంగం. ఈ-సంచిక కోసం అక్కడక్కడ సరిచేశాం.)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అందరికీ నమస్కారం, వందనాలు, రామ్ రామ్. ఎవరి పలకరింపు వారు తీసుకోండి. సిగ్నల్ కోసం చెట్టెక్కిన వాళ్లు జాగ్రత్తగా పట్టుకుని కూర్చోండి. పోయినసారి ఒక తమ్ముడు మాట మధ్యలోనే కిందికి జారాడు.

ఈ రోజు మా పెద్దవాళ్లం మీకు చెప్పదలచుకున్నది మన చరిత్ర కాదు, మన వేషభాషలూ కాదు. పోయిన డిసెంబరులో క్రిస్మస్‌కు ముందు మన పక్కనున్న చర్చిలో ఒక కృతజ్ఞతా కూడిక జరిగింది. లాక్‌డౌన్‌లో బియ్యం, సరుకులు ఇచ్చిన మార్కాపురం పలకల వ్యాపారికి చర్చివాళ్లు శాలువా కప్పారు. సరుకులు అందుకున్న వాళ్ల తరఫున నాలుగు మాటలు చెప్పమని మన సంఘాన్నీ పిలిచారు. అక్కడ జరిగిన దాని మీద మీలో మీరు చాలా అనుకున్నారు. మన కుర్రాడు పెద్దమనిషి పరువు తీశాడని కొందరన్నారు. మంచి పని చేశాడని కొందరన్నారు. అందుకే మొదటి నుంచీ చెబుతాం.

2020 మార్చి 22, ఆదివారం జనతా కర్ఫ్యూ. 25 నుంచి లాక్‌డౌన్. అప్పటికి మన తండాల్లో సగం ఇళ్లకు తాళాలే. ఎందుకో మీకు తెలుసు. మిరపకోతలకు గుంటూరు వైపు పోయి ఉన్నారు. పోయినవాళ్లు పొలాల దగ్గర పరదాల కింద ఇరుక్కున్నారు. ఉన్నవాళ్లలో ముసలీ ముతకా, పిల్లలూ ఎక్కువ. గూడేల్లో చూస్తే తేనె దిగే కాలం వచ్చేసింది. అడవిలోకి పోవచ్చా పోకూడదా అని చెప్పేవాడు లేడు. ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ, గిరిజనులు అటవీ ఉత్పత్తులు సేకరించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మే 1న 49 రకాల అటవీ ఉత్పత్తులకు మద్దతు ధరలు పెంచుతున్నట్టు ప్రకటన కూడా వచ్చింది. కాగితం మీద ధర పెరిగిన ఆ రోజుల్లో డబ్బా తేనె చేతిలో పట్టుకుని, డిపో దాకా పోవడానికి బండి లేక కూర్చున్నవాళ్లను మేము చూశాం.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనం. కార్డున్న వాళ్లకు బియ్యం వచ్చాయి. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇంటింటికీ వెయ్యి రూపాయలు ఇచ్చారు. మనలో కార్డు లేని వాళ్లు, కార్డు ఒక ఊర్లో ఉండి మనిషి ఇంకో ఊర్లో ఉన్నవాళ్లు, ఆధార్‌లో వేలిముద్ర పడని అవ్వలూ తాతలూ ఉన్నారు కదా. ఆ ఖాళీలోకే చర్చి వచ్చింది.

చర్చి అంటే పెద్ద మిషన్ కాదు. రేకుల కప్పు, పది కుర్చీలు, ఒక మైకు. ఇలాంటి చిన్న చర్చిలకు కష్టకాలంలో పైనున్న పెద్ద సంస్థల నుంచి ఎంతో కొంత సాయం దిగేది. ఆ దారి కూడా ఆ ఏడే మారింది. విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, 2020 సెప్టెంబరు 29 నుంచి, ఒక సంస్థ తెచ్చుకున్న విదేశీ సొమ్మును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. అది తర్వాతి మాట. లాక్‌డౌన్ మొదటి వారంలో మాత్రం పాస్టరయ్యగారు ఎవరికీ ఉత్తరం రాయలేదు. మార్కాపురంలో తనకు తెలిసిన పలకల వ్యాపారికి ఫోన్ చేశారు. ఆయన చర్చి మనిషి కాదు. చెన్నకేశవస్వామి తిరునాళ్లకు చందా రాసే మనిషి. "ఎన్ని ఇళ్లు?" అని ఒక్క మాట అడిగి, బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం, సబ్బులు పంపారు. మూడు విడతలు పంపారు.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోండి. పెద్ద కంపెనీలు ఇస్తే అది పూర్తిగా దయ కాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. కరోనా సాయం కూడా ఆ ఖాతాలో రాసుకోవచ్చని 2020 మార్చి 23న కేంద్రం స్పష్టం చేసింది. కాబట్టి ఏ పెద్ద కంపెనీ అయినా మీ తండాకు వచ్చి బ్యానర్ కట్టి ఫొటో తీసుకుంటుంటే, మీరు చెయ్యి జాపి నిలబడక్కర్లేదు. కుర్చీ వేసుకుని కూర్చుని లెక్క అడగొచ్చు. మన పలకల వ్యాపారి ఆ చట్టం కిందికి రారు. బడులు మూతపడి పలకలు అడిగే దిక్కు లేని ఏడు అది. ఆయన ఇచ్చింది ఆయన జేబులోది. అందుకే మేము నిండు మనసుతోనే వందనం చెప్పడానికి పోయాం.

పోయేముందు మాలో మాకే పెద్ద గొడవ జరిగింది, అదీ చెప్పాలి. మొదటి విడత జాబితా చర్చివాళ్లు రాశారు. ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్ల పేర్లే వాళ్లకు నోటికి వచ్చాయి, అవే రాశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారే, అదే జరిగింది. కావాలని చేశారని మేము అనుకోలేదు. రెండో రోజు పైగూడెం నుంచి ఒక చెంచు అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి చర్చి మెట్ల మీద కూర్చుంది. "నాయనా, నేను లింగమయ్యకు మొక్కుతా. నాకు నూకలైనా పెడతారా, పెట్టరా? పెట్టకపోతే చెప్పు, ఎండ పొద్దెక్కకముందే పోతా" అంది.

పాస్టరయ్యగారు ఆ మాటకు తల వంచుకున్నారు. తర్వాత జాబితా ఆయన రాయలేదు. పుస్తకం మన సంఘం చేతికి ఇచ్చారు. "మీరే రాయండి, మతం గడి పెట్టకండి" అన్నారు. మేము గొప్పగా రాశామనుకున్నాం. మిరపకోతల నుంచి నడిచి వచ్చినవాళ్ల పేర్లు మేమూ మరిచాం. వాళ్లు తండా బయట బడిలో పద్నాలుగు రోజులు ఉన్నారు. తండాలో లేనివాళ్లు జాబితాలోనూ లేరు. వాళ్లకు మూడో విడతలోనే అందింది. ఆ తప్పు మాది.

ఇంకొకటి. మొదటి విడతలో శానిటైజర్ సీసాలూ వచ్చాయి. జులై నెలాఖరులో కురిచేడులో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయిన సంగతి మీకందరికీ తెలుసు. మనకు దూరమేమీ కాదది. ఆ వార్త విన్న రోజు సాయంత్రం తండాల్లో తిరిగి మిగిలిన సీసాలు వెనక్కి తెచ్చాం. తర్వాత సబ్బులే పంపమని చెప్పాం.

ఇక చర్చిలో కూడిక సంగతి. పాట పాడారు, ప్రార్థన చేశారు, శాలువా కప్పారు. మా తరఫున చెప్పాల్సిన మాటలు చెప్పాం. ఆ తర్వాత ఎవరైనా మాట్లాడతారా అంటే, మన ముఠా కూలీల్లో ఒక కుర్రాడు లేచాడు. ఆ వ్యాపారి పలకలే లోడ్ చేసే ముఠా. "సార్, మీరు పంపిన బియ్యం మా ఇంట్లో తిన్నాం. మా అమ్మ మీ పేరు చెప్పుకుని దండం పెట్టుకుంది. మార్చి చివరి వారం లోడింగ్ కూలి, ఏప్రిల్ నెల కూలి సంగతి మాత్రం ఎవరూ చెప్పట్లేదు" అన్నాడు.

చర్చి మొత్తం బిగుసుకుపోయింది. శాలువా ఇంకా ఆయన భుజం మీదే ఉంది. మా పెద్దల్లో ఒకాయన కుర్రాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టబోయాడు. ఆ పట్టుకున్నది మాలో ఎవరో చెప్పం గానీ, అతను ఈ మధ్యే క్షమాపణ చెప్పుకున్నాడు.

కుర్రాడు అడిగినదాంట్లో తప్పు లేదు. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, మూసి ఉన్న రోజులకు కూడా పనివాళ్లకు కోత లేకుండా జీతం ఇవ్వాలని ఉత్తర్వు వేసింది. మే 18 నుంచి దాన్ని ఎత్తేశారు. ఏప్రిల్ మాత్రం ఆ ఉత్తర్వు కిందిదే. పర్మినెంటు వాళ్లకు సగం జీతమిచ్చారు. ముఠా కూలీల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. మేస్త్రి జేబులో చిన్న పుస్తకం తప్ప వాళ్లు పని చేసినట్టు సాక్ష్యమే లేదు. ఇది ఆయన ఒక్కరి ఫ్యాక్టరీలో సంగతి కాదు.

ఆ రాత్రి పాస్టరయ్యగారు మాకొక పాత కథ చెప్పారు. అది మన తెగల కథ కాదు, మన నేల కథ. మార్కాపురం, కంభం తాలూకాలు అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేవి. 1876-78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. కరువు పనుల్లో మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని రిచర్డ్ టెంపుల్ అనే దొర తేల్చాడు. పౌను అంటే అరకిలో కూడా రాదు. దాంతో మట్టి తవ్వాలి. ఆ రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కు చెందిన జాన్ క్లౌ దొర ఉండేవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు ఆయనే తీసుకున్నాడు. పాస్టరు కాంట్రాక్టరు అయ్యాడన్నమాట. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టుకున్నాడు. ఆకలితో వచ్చిన వేల మందికి, ఎక్కువమంది మాదిగలకు, పని చూపించి కూలి ఇచ్చాడు.

కరువులో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన దాదాపు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట వాళ్లకూ రాకూడదు, చర్చికీ రాకూడదని. కరువు సాయం పంపిణీ ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం మీదుగా పోయే గుండ్లకమ్మే అది. కరువే వాళ్లను చర్చిలోకి నెట్టిందన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదన మాకు వద్దు. మాకు నచ్చింది ఒక్కటే. ఆయన కూలిని కూలిగా ఇచ్చాడు, ప్రార్థనను దాని పక్కన పెట్టలేదు.

పాస్టరయ్యగారు ఈ కథ చెప్పి, "మీ కుర్రాడు అడిగింది కూడా అదే కదా. బియ్యం బియ్యంగా, కూలి కూలిగా" అన్నారు. మరుసటి రోజు మాతో పాటు ఆయనే మార్కాపురం వచ్చారు. వ్యాపారి ముందు బాధపడ్డారు. "నలుగురిలో అడగాలా, ఇంటికొచ్చి అడిగితే ఇవ్వనా?" అన్నారు. ఇంటికి రెండుసార్లు వచ్చామనీ, గుమాస్తా లోపలికి పంపలేదనీ కుర్రాడు చెప్పాడు. ఆయన గుమాస్తా వైపు చూశారు. మేస్త్రి పుస్తకం తెప్పించి పేర్లు రాయించారు. మార్చి కూలి అక్కడికక్కడే ఇచ్చారు. ఏప్రిల్‌ది సగం సంక్రాంతికి ఇచ్చారు. మిగతా సగం సరుకు కదిలాక అన్నారు. గోడౌన్‌లో పలకల కట్టలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి, మేము కళ్లారా చూశాం. అబద్ధమాడలేదు.

మీలో కొందరికి ఇంకా ఒక అనుమానం ఉంది. పెట్టిన చేతిని అడగొచ్చా అని. అడగందే అమ్మయినా పెట్టదు. పైగా ఆ చేతికి ఆ పలకలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. గనిలో రాయి చీల్చింది మనవాళ్లు. ఆ దుమ్ము మింగి దగ్గుతున్నది మనవాళ్లు. ఇదే మార్కాపురం పలకల పనిలో చిన్నపిల్లలను పెట్టిన రోజులు మా తరం చూసింది, కొందరం చేసింది కూడా. బియ్యం తిన్నందుకు ఇదంతా మరిచిపోవాలంటే కుదరదు. ఇదంతా గుర్తుందని బియ్యానికి దండం పెట్టకుండా ఉండడమూ కుదరదు. ఆ ఏప్రిల్‌లో ఆ బస్తాలు రాకపోతే పైగూడెం అవ్వ ఈ రోజు ఉండేది కాదు. ఉంది. మొన్న టీకా వేయించుకోమంటే, "ముందు నువ్వు వేయించుకో, నీ చెయ్యి చూశాక చెబుతా" అని మాలో ఒకరిని తిప్పి పంపింది. ఆ మనిషి వేయించుకుని మళ్లీ పోయాడు. ఆమె ఇంకా ఆలోచిస్తోంది.

జాబితా పుస్తకం సంఘం గదిలోనే ఉంది. రెండో దశలో, మొన్న మే నెలలో, మళ్లీ దాన్నే తీశాం. ఈసారి వలస పోయినవాళ్ల పేర్లు ముందు పేజీలో ఉన్నాయి. చేతిరాత బాగున్నవాళ్లు ఇద్దరు వచ్చి దాన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి, పాతది వానకు తడిసింది.

వచ్చే సోమవారం, 16న, బడులు తెరుస్తున్నారు. పలకలకు మళ్లీ ఆర్డర్లు వస్తున్నాయని ముఠా మేస్త్రి చెప్పాడు. ఏప్రిల్ కూలి మిగతా సగం కోసం ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారితో కలిసి మార్కాపురం పోతున్నాం. ఆటోలో నలుగురికే చోటుంది. వచ్చేవాళ్లు మాస్కు పెట్టుకుని, మేస్త్రి పుస్తకం జిరాక్సు తీసుకుని రండి.